తలుపు వెనక పంచదార

మా కంపెనీలో గాలం మాష్టారంటే ఎవరికీ పడేది కాదు. ఆయన అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంటుంది గానీ, దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. ఆయన ఉద్యోగం మాకు దొంగ మెయిళ్ళు పంపడం. నిజం దొంగ పంపేలోపే తను దొంగవేషం వేసి ఒక మెయిల్ పంపుతాడు. అందులోని లింకు ఎవరు నొక్కారో చూసి, నొక్కినవాళ్ళను పిలిచి పాఠం చెబుతాడు. జీతమిచ్చి మరీ దొంగను పెట్టుకున్న కంపెనీ లోకంలో మాదొక్కటే అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, పెద్ద కంపెనీలన్నీ పెట్టుకుంటాయట.

మాది కళ్ళజోళ్ళకు అద్దాలు తయారుచేసే చోటు. దుకాణాల వాళ్ళు ఎవరి కంటికి ఎంత పవరో మెయిల్లో పంపుతారు. వదిన వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. లోపల మిషన్లు అద్దాన్ని అరగదీస్తాయి. బయటికొచ్చినవాటిని నేను తుడిచి, కవర్లలో పెట్టి, పంపిస్తాను. వదిన బల్లా నా బల్లా పక్కపక్కనే. మైనస్ పడాల్సిన చోట ప్లస్ పడితే ఎక్కడో ఒక ముసలాయన మెట్టు కనపడక పడిపోతాడని ఆవిడ భయం. ప్రతి అంకెనూ ఎక్కించాక మళ్ళీ ఒకసారి వేలు పెట్టి చదువుతుంది. ఇన్నేళ్ళలో ఆవిడ చేతిమీదుగా ఒక్క తప్పు అద్దం బయటికి పోలేదు.

వదిన అంటే నాకు నిజం చుట్టమేం కాదు. పనిలో చేరిన కొత్తలో కవర్లు తారుమారు చేశానని నన్ను చెడామడా తిట్టింది. నేనూ ఊరుకునే రకం కాదు. "ఈ నోటికి తగిన మరదల్ని నేనే. మీకు తమ్ముడెవడైనా ఉంటే నాకిచ్చి చేసేయండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఉన్నాడు. ఎక్కడున్నాడో తెలీదు" అంది. నా నోరు మూతపడిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి. ఆ రోజునుంచి ఆవిణ్ణి వదినా అనే పిలుస్తున్నాను.

తల్లి పోయేనాటికి వదిన ఇంకా బడికెళ్ళే పిల్ల, తమ్ముడు మరీ చిన్నవాడు. తండ్రి అప్పటికే లేడు. వదినే వాణ్ణి ఎత్తుకుని తిప్పింది, అన్నం కలిపి పెట్టింది, తను చదువు మానేసి వాణ్ణి చదివించింది. ఇంట్లో వాడి పేరు పిచ్చుక. పెద్దయ్యాక వాడు చదువు గాలికొదిలేసి బిల్డింగులకు రంగులేసే ముఠాలో చేరాడు. ఒకరోజు మాటా మాటా పెరిగింది. కోపంలో ఆవిడ, "నీ మొహం నాకు చూపించకు" అంది. మనం రోజుకు పదిసార్లు అనే మాటే. వాడు దాన్ని పట్టుకుని వెళ్ళిపోయాడు.

వదిన తిరగని చోటు లేదు. చివరికి ఒక ప్రకటన రాసి, ఫోటో పెట్టి, గోడలమీద అంటించింది, ఫోన్లలోనూ తిప్పింది. వాడి ముద్దుపేరు, మోచేతి మీద కాలిన మచ్చ, నవ్వితే ఒక కన్ను చిన్నదవుతుందన్న సంగతి, అన్నీ రాసింది. కింద ఫోన్ నంబరిస్తే పనీపాటా లేని వెధవలు చేసి ఏడిపించారు. ఆ నంబరు తీసేయించుకుంది. మిగిలింది ఆఫీసు మెయిల్ చిరునామా ఒక్కటే. ఆ కాగితం చూసి తమ్ముడు ఎప్పుడైనా రాస్తే ఆ చిరునామాకే రాయాలి.

ఇప్పుడు చెప్పండి, అలాంటి మనిషికి ముక్కూ మొహం తెలియని వాళ్ళ మెయిల్ వస్తే ఏం చేస్తుంది? నొక్కుతుంది. మీ పార్సిల్ ఆగిపోయింది అన్నా నొక్కుతుంది. ఈ ఫోటోలో ఉన్నది మీ వాళ్ళేనా అన్నా నొక్కుతుంది. గాలం మాష్టారు నీళ్ళలోకి ఏది వదిలినా ముందుగా తగులుకునేది మా వదినే. ఏడాదిలో మూడుసార్లు దొరికితే మెయిల్ మూసేసి, కంప్యూటర్ లేని పనిలోకి మార్చేస్తారని మా దగ్గర రూలు. రెండుసార్లు ఆవిడ అప్పటికే దొరికింది.

మూడోసారి వచ్చింది మాష్టారి గాలం కాదు. నిజం దొంగది.

"అక్కా, నేను పిచ్చుకని. నా ఫోటో చూడు. తొందరగా చూడు, ఫోన్లో చార్జింగ్ అయిపోతోంది." అంతే ఉంది, కింద ఒక లింకు. వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. నా చెయ్యి పట్టుకుంది. లింకు నొక్కితే అచ్చం మా కంపెనీ మెయిల్ తెరిచే పేజీలాంటిదే వచ్చి పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. ఫోటో రాలేదు. కంగారులో తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టింది. మళ్ళీ రాలేదు. భోజనాల వేళ దాకా ఆ తెల్లటి పేజీ ముందే కూర్చుంది. అద్దం చేయించుకునేవాళ్ళ అంకెలు పక్కన ఆగిపోయి ఉన్నాయి.

మర్నాటికి దుకాణాలన్నింటికీ వదిన పేరుతో మెయిళ్ళు వెళ్ళాయి. ఆవిడ మాటంటే వాళ్ళకు రాతిమీద గీత. అందులో ఉన్న ఫైలు తెరిచారు, వాళ్ళ కంప్యూటర్లూ పోయాయి. మేనేజరు రూములో అరుపులు మా బల్లలదాకా వినిపించాయి. వదిన ఒక్కటే అంది. "నన్ను అద్దాలు కడిగే గదిలో వేయండి, వాకిలి ఊడవమనండి, ఏమీ అనుకోను. ఆ చిరునామా మాత్రం మూసేయకండి. వాడు రాస్తే ఎక్కడికి రాయాలి సార్?"

అప్పుడు అడ్డుపడింది ఎవరో తెలుసా? గాలం మాష్టారు. "మూడోది నేను పెట్టిన పరీక్ష కాదు సార్, లెక్కలోకి రాదు. ఆవిడకు నేర్పే పూచీ నాది" అన్నాడు. ఆ రోజునుంచి ఆయన మీద నా నోటి దురుసు కొంచెం తగ్గించాను. మొత్తం మానలేదు.

ఆయన కుర్చీ లాక్కుని వదిన బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"చూడమ్మా, దొంగ మీ కంప్యూటర్ పగలగొట్టడు. అంత ఓపిక వాడికుండదు. మీ చేత్తోనే తలుపు తీయిస్తాడు. ఒకరిని భయపెడతాడు, మీ ఖాతా పోతుందంటాడు. ఒకరికి ఆశ పెడతాడు. ఎవరికేం చెప్పినా తొందర మాత్రం పెట్టి తీరతాడు. ఆలోచిస్తే మీరు నొక్కరని వాడికి తెలుసు."

"వాడి ముద్దుపేరు దొంగకెలా తెలిసింది మాష్టారూ?" అంది వదిన.

ఆయన ఫోన్ తీసి, ఆవిడ రాసిన ప్రకటనే చూపించాడు. "మీరే చెప్పారమ్మా. మచ్చ, నవ్వు, పేరు. మీ తమ్ముడు గుర్తుపట్టాలని రాసిందంతా దొంగకూ కనిపిస్తుంది కదా."

వదిన ఆ ప్రకటనను వేలు పెట్టి మళ్ళీ చదివింది. అంత ప్రేమగా ఏరి ఏరి రాసిన ముక్కలు. నాకు మాష్టారి మీద మళ్ళీ ఒళ్ళు మండింది, కానీ ఆయన చెప్పింది నిజం.

"మీకూ వాడికీ తప్ప మూడో మనిషికి తెలియనిది ఏదైనా ఉందా? ఈ కాగితంలో రాయనిది, ఎవరితోనూ అననిది?"

వదిన తన చేతులవైపు చూసుకుంది. "అమ్మ పోయిన రోజు ఇంటినిండా జనం. మమ్మల్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. వాడు ఆకలని ఏడుపు. వంటింట్లోకెళ్ళి పంచదార డబ్బా తెచ్చి, తలుపు వెనక నిలబడి చెరో గుప్పెడు తిన్నాం. శవం ఇంట్లో ఉండగా తిన్నామని ఎవరైనా తిడతారని భయం. ఎవరికీ చెప్పొద్దురా అన్నాను. వాడు చెప్పలేదు. నేనూ ఇవాళ్టిదాకా చెప్పలేదు."

"చాలు" అన్నాడు మాష్టారు. "ఇకమీదట పిచ్చుకనని ఎవడు రాసినా, అమ్మ పోయిన రోజు తలుపు వెనక ఏం తిన్నావురా అని అడగాలి. కానీ మీరు అడగొద్దు. మీరు జవాబిస్తే ఈ చిరునామాలో ఒక పిచ్చితల్లి కాచుకుని కూర్చుందని వాళ్ళకు తెలిసిపోతుంది. అనుమానంగా ఉన్నది ఏదొచ్చినా ఈ ఎర్ర బటన్ నొక్కండి. ఆ మెయిల్ మీ దగ్గర్నుంచి పోయి నా పెట్టెలో పడుతుంది. నా దగ్గర వేరే కంప్యూటర్ ఉంది, అందులో ఏం తెరిచినా ప్రమాదం లేదు. మీ బదులు నేను తెరుస్తాను. నేను అడుగుతాను. వాడే అయితే పరిగెత్తుకుంటూ వచ్చి చెబుతాను."

"మాటేనా?"

"మాటే."

వదిన నేర్చుకుంది. అంకెలు చదివినట్టే మెయిళ్ళూ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. పంపినవాడి పేరు కాదు, పక్కనున్న చిరునామా చూసేది. లింకు మీద బాణం గుర్తు నిలిపి, నొక్కకుండానే అది ఎక్కడికి తీసుకెళుతుందో చూసేది. తొందరపెడుతున్నాడా, ఫైలు తెరవమంటున్నాడా అని తనలో తను గొణుక్కునేది. పిచ్చుక పేరుతో ఇంకా వచ్చేవి. ఒకసారి ఆ రుచి మరిగాక దొంగ వదులుతాడా? వచ్చిన ప్రతిసారీ ఆవిడ కళ్ళలో ఒక వెలుగు లేచేది. బటన్ మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని నొక్కేది. అలా నొక్కడానికి ఎంత గుండె కావాలో పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.

మాష్టారు మాట తప్పలేదు. ప్రతిసారీ పై అంతస్తునుంచి దిగి వచ్చి, "కాదమ్మా, జవాబు చెప్పలేకపోయాడు" అని చెప్పి వెళ్ళేవాడు. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వింటేనే వదిన చేతిలో పని ఆగిపోయేది. కాదనే మాట విన్నాక ఓ గ్లాసు మంచినీళ్ళు తాగి, మళ్ళీ మైనస్సులూ ప్లస్సుల్లో పడేది.

మా ఆఫీసు పాఠం బాగా నేర్చుకుందని పైవాళ్ళు మురిసిపోయారు. అతి సర్వత్రా అన్నట్టు, మావాళ్ళు మేనేజరు మీటింగుకు పిలిచిన మెయిల్‌కు కూడా ఎర్ర బటన్ నొక్కడం మొదలుపెట్టారు. మాష్టారి పెట్టె నిండిపోయింది. ఆయన్నేమో ఇంకో ఊళ్ళో ఉన్న బ్రాంచికి పాఠాలు చెప్పడానికి పంపారు. ఆయన లేని సమయంలో ఎవరి ఫిర్యాదూ పడి ఉండకూడదని, బటన్ నొక్కగానే దానంతట అదే జవాబు వచ్చేలా పెట్టించారు. ఒక పచ్చటి టిక్కు, పక్కన "మీరు సరిగ్గా గుర్తించారు. ధన్యవాదాలు" అని. ఆ జవాబు మనిషి ఇస్తున్నది కాదని మాకెవరూ చెప్పలేదు.

ఆ మెయిల్ వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎవరిదో తెలియని చిరునామా. పైన "అర్జంట్, మీ మనిషి" అని ఉంది. లోపల పేరూ లేదు, పలకరింపూ లేదు. "ఇది వెంటనే వినండి. ఆలస్యం చేయొద్దు" అని, కింద ఒక ఆడియో ఫైలు.

వదిన వేలు పెట్టి చదివింది. "చూడవే, తెలియని చిరునామా. తొందర. తెరవమని ఫైలు. అక్కా అని కూడా లేదు" అంది. మాష్టారు పాఠంలో చెప్పినవన్నీ ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు.

ఐనా ఆవిడ వేలు బటన్ మీద చాలాసేపు ఆగింది. "ఏమంటావే?" అని నన్నడిగింది. "మాష్టారు అక్కణ్ణుంచే చూసుకుంటాడుగా వదినా" అన్నాను. నొక్కింది. పచ్చ టిక్కు వచ్చింది, సరిగ్గా గుర్తించారని. "ఇంత తొందరగా చూసేశాడే" అని వదిన ఆశ్చర్యపోయింది. "మీరిప్పుడు ఆయన్నే మించిపోయారు, రేపటినుంచి పాఠాలు మీరే చెప్పండి" అని నేను ఆటపట్టించాను. ఆవిడ నవ్వి, మంచినీళ్ళు తాగింది.

మాష్టారు తిరిగొచ్చిన రోజు మెట్లమీద చప్పుడు వినిపించింది. వదిన తలెత్తింది. "ఇవాళ నేనేమీ నొక్కలేదే" అంది నాతో.

ఆయన ల్యాప్‌టాప్ రెండు చేతులతో పొట్టకు అదుముకుని వచ్చాడు. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, ఆ ఆడియో మెయిల్... అది నిజమైనదమ్మా" అన్నాడు.

వదిన అప్పటికే లేచి సంచీ భుజాన వేసుకుంది. "ఎక్కడున్నాడు? పదండి. ఏమే, నా చెప్పులేవి?"

ఆయన కదల్లేదు. కదలకుండా నిలబడ్డ మనిషిని చూసి నాకు అర్థమైంది. వదినకు అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది. చెప్పుల కోసం బల్ల కింద వెతుకుతూనే ఉంది.

రంగులు వేస్తూ పైనుంచి పడ్డాడట. జేబులో ఫోను వాడితోపాటే ముక్కలైపోయింది. వాడికి కంఠతా వచ్చిన చిరునామా ఒక్కటే, గోడమీద కాగితంలో చదివింది. ఆసుపత్రి వార్డులో పనిచేసే ఒకాయన తన ఫోనులో వాడి మాట రికార్డు చేసి ఆ చిరునామాకు పంపాడు. ఎవరూ రాకపోతే మళ్ళీ పంపాడు. ఆ తర్వాత కూడా ఒకటి పంపాడు. ఎర్ర బటన్ ఒకసారి నొక్కాక ఆ చిరునామానుంచి వచ్చేవన్నీ మాదాకా రాకుండా మాష్టారి పెట్టెలోనే ఆగిపోతాయి. అలా కట్టుదిట్టంగా పెట్టారు. ఆఖరిదాంట్లో, ఆయన పోయారు, మీవాళ్ళెవరూ రాలేదు కాబట్టి మేమే సాగనంపాం అని ఉంది. మాష్టారు ఆ మాటనూ నమ్మలేదు. ఆ ఆసుపత్రి నంబరు విడిగా వెతికి పట్టుకుని, తనే ఫోన్ చేసి అడిగాడు. నిజమేనన్నారు.

వదిన కుర్చీలో కూర్చుంది. సంచీ భుజంమీదే ఉంది. "నేను తప్పు నొక్కలేదు కదా మాష్టారూ? మీరు చెప్పినట్టే చూశాను కదా?"

"లేదమ్మా. మీరన్నీ సరిగ్గానే చేశారు. చూస్తానన్నవాణ్ణి నేను చూడలేదు" అని ఆయన ఏడ్చేశాడు. మీసాలున్న మనిషి అందరిముందూ అలా ఏడుస్తుంటే ఆయన్ని తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. ఆయన్నొక్కణ్ణే ఏమని తిట్టను? చూసుకుంటాడుగా అన్నది నేనే.

"వినిపించండి" అంది వదిన.

గొంతు బొంగురుగా ఉంది. మధ్యమధ్య ఊపిరి ఆగుతోంది. "అక్కా. నేనేనే. నీ కాగితం ఎప్పుడో చూశాను. రావడానికి మొహం చెల్లలేదు. నా పేరు చెప్పి ఎంతమంది దొంగ వెధవలు నీకు రాసుంటారో. నేనన్నా నమ్మవేమో. అందుకే ఒకటి చెప్తా. అమ్మ పోయిన రోజు తలుపు వెనక పంచదార పెట్టావు చూడు." కాసేపు ఊపిరి చప్పుడు. "నువ్వు తిన్లేదక్కా. డబ్బా అడుగున కొంచెమే ఉంది, అంతా నా చేతిలోనే పోశావు. ఉత్తి గుప్పిట నోటిదగ్గర పెట్టుకుని తిన్నట్టు నమిలావు. నాకప్పుడే తెలుసు. తెలిసీ మొత్తం నేనే తినేశాను. త్వరగా రావే."

వదిన తెరవైపే చూస్తోంది.

"ఇది నేనెవరికీ చెప్పలేదు. మీక్కూడా చెరో గుప్పెడనే చెప్పాను" అంది. నావైపు తిరిగింది. "వాడికి తెలుసటే. ఇన్నేళ్ళూ తెలుసట" అంటూ నా భుజంమీద పడి బావురుమంది. నేనెత్తుకున్నాను చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు. నాకంటే పెద్దది, బరువైన మనిషి. ఇద్దరం కూలబడిపోయాం.

చాలాసేపటికి ఆవిడ ముఖం తుడుచుకుని, కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు దీనికి జవాబు రాయొచ్చా మాష్టారూ?"

ఆయన తలూపాడు.

"లేదురా పిచ్చుకా, నేనూ తిన్నాను" అని రాసింది. రాసినదాన్ని అలవాటు ప్రకారం వేలు పెట్టి మళ్ళీ ఒకసారి చదువుకుని, పంపించింది.